ఊరి కొట్టు లెక్క

అమెరికా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న చిన్న రాష్ట్రం వెర్మాంట్. 2020 జనగణన ప్రకారం రాష్ట్రమంతా కలిపి 6,43,077 మంది. మన విజయవాడ ఒక్కదాంట్లోనే అంతకంటే ఎక్కువ జనం ఉన్నారు. ఆ రాష్ట్రంలోని బార్నార్డ్ అనే ఊరి జనాభా వెయ్యికి లోపే. ఊళ్లో సిల్వర్ లేక్ అనే సరస్సు, దాని ఒడ్డున ఒక జనరల్ స్టోర్. 1832లో మొదలైన ఆ కొట్టు 2012లో మూతపడింది. ఏడాది తిరిగేసరికి ఊరివాళ్లు బార్నార్డ్ కమ్యూనిటీ ట్రస్ట్ అనే సంస్థ పెట్టుకుని, సుమారు 5 లక్షల డాలర్లు పోగుచేసి, ఆ కట్టడాన్ని కొన్నారు. 2013లో కొట్టు మళ్లీ తెరుచుకుంది.

ఆ మొత్తాన్ని ఊరి జనాభాకు పంచితే, చంటిబిడ్డలతో సహా తలకు 500 డాలర్ల పైమాటే. ఒక పచారీ కొట్టు కోసం అంత డబ్బా అని ఎవరికైనా అనిపిస్తుంది. పాత కట్టడం మీద మమకారం, చిన్ననాటి జ్ఞాపకాలు అని కారణం చెప్పుకుంటారు. మమకారం లేకపోలేదు. కానీ మమకారం ఉన్న ఊళ్లలో కూడా కొట్లు మూతపడ్డాయి. తెరుచుకుని నిలబడిన చోట జరిగింది వేరు. కట్టడం అప్పును కొట్టు గల్లాపెట్టె మీది నుంచి దించి, ఊరు తన భుజాన వేసుకుంది. ఈ ఒక్క పనితో లెక్క ఎంత మారిపోతుందో చూస్తే, ఆ 500 డాలర్లు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

ముందు ఆ కొట్టు అంటే ఏమిటో చెప్పాలి. వెర్మాంట్ పల్లెల్లో జనరల్ స్టోర్ అంటే పాలు, గుడ్లు, రొట్టె, బీరు, మేకులు, చేపల గాలాలు, పొద్దున్నే కాఫీ, మధ్యాహ్నం శాండ్‌విచ్, దినపత్రిక. కొన్నిచోట్ల పోస్టాఫీసు కూడా అందులోనే. శరదృతువులో జింకల వేట మొదలైతే, కొట్టిన జంతువును చట్టప్రకారం నమోదు చేయించాలి. ఆ నమోదు కేంద్రాలుగా పనిచేసేవి చాలావరకు ఈ కొట్లే. వేటగాళ్లు జింకను కాటా మీదికి ఎక్కిస్తుంటే ఊరంతా చుట్టూ చేరి చూస్తుంది. మార్చి మొదటి మంగళవారం ఊరి సభలో తేల్చాల్సిన విషయాలు అంతకు ముందే ఇక్కడి కాఫీ బల్ల దగ్గర సగం తేలిపోతాయి.

ఇక పెద్ద సూపర్ మార్కెట్లకు పోవాలంటే బార్నార్డ్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు, అదీ పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌లోని వెస్ట్ లెబనాన్‌కు. ఆ రాష్ట్రంలో అమ్మకం పన్ను లేదు. వెర్మాంట్‌లో 6 శాతం. తిండి సరుకుల మీద వెర్మాంట్‌లోనూ పన్ను లేదు కానీ సబ్బులు, కాగితం, గిన్నెలు వంటివి అవతల చవక. కాబట్టి సరిహద్దు దాటి కారు నిండా సరుకు తెచ్చుకోవడం అక్కడ మామూలే. చవక అనే మాటలో కారు ఖర్చు మాత్రం కలవదు. వ్యాపార పని మీద కారు నడిపితే మైలుకు 67 సెంట్లు ఖర్చుగా చూపుకోవచ్చని అమెరికా ఆదాయపు పన్ను శాఖ 2024లో నిర్ణయించింది. రానూ పోనూ 50 మైళ్లకు అది 33 డాలర్ల 50 సెంట్లు. నెలవారీ సరుకులకైతే సర్దుకుపోతుంది. పాల డబ్బా అయిపోయిన రోజున ఆ పాల ధర ఎంతో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు కొట్టు నడిపేవాళ్ల వైపు నుంచి చూద్దాం. అమెరికాలో పెద్ద సూపర్ మార్కెట్లకే, అన్ని ఖర్చులూ పోను, 100 డాలర్ల అమ్మకం మీద మిగిలేది 1 నుంచి 3 డాలర్లు. అవి లారీలకు లారీలు టోకున కొంటాయి కాబట్టి ఆ మాత్రమైనా మిగులుతుంది. చిన్న ఊరి కొట్టుకు ఆ బేరం దొరకదు. టోకు సంస్థ లారీని కొండదారిలో అంత దూరం పంపాలంటే కనీసం ఇంత ఆర్డర్ ఉండాలని షరతు పెడుతుంది. అంత సరుకు దించుకుంటే అమ్ముడుపోయేలోగా గడువు తీరిపోతుంది. తక్కువ దించుకుంటే ధర పెరుగుతుంది. సూపర్ మార్కెట్ అమ్మే ధర కంటే చిన్న కొట్టు కొనే ధరే ఎక్కువగా ఉండే సరుకులు కూడా ఉంటాయి. పప్పుల డబ్బా మీద వచ్చేది పైసలే. బతికించేది కాఫీ, శాండ్‌విచ్, పొయ్యి మీద వండి పెట్టేవి. అందుకే తిరిగి తెరుచుకున్న వెర్మాంట్ కొట్లలో దాదాపు ప్రతిచోటా వంటగదే ముందుకు వచ్చింది. కొత్తగా వెళ్లినవాళ్లకు ఇది కొట్టా, హోటలా అనిపిస్తుంది. రెండూ కాకపోతే అది బతకదు.

ఒక లెక్క వేస్తాను. ఈ అంకెలు ఏ కొట్టు ఖాతా పుస్తకంలోవీ కావు, విషయం తేటపడడానికి వేసుకున్నవి. ఒక కుటుంబం 5 లక్షల డాలర్ల కట్టడాన్ని 6 శాతం వడ్డీకి, 20 ఏళ్ల అప్పు మీద కొన్నదనుకుందాం. నెల వాయిదా సుమారు 3,580 డాలర్లు. ఏడాదికి దాదాపు 43,000. జీతాలు, కరెంటు, సరుకు ఖర్చు పోను వందకు 3 డాలర్లు మిగిలితే, ఆ వాయిదా కట్టడానికే ఏటా 14 లక్షల 30 వేల డాలర్ల అమ్మకం కావాలి. ఆ మిగులంతా బ్యాంకుకే పోతుంది. మరుసటి ఏడాది ఫ్రీజర్ చెడిపోతే బాగుచేయించడానికి కొట్టువాళ్ల దగ్గర దమ్మిడీ ఉండదు.

వెయ్యిమంది ఉన్న ఊళ్లో, ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున, సుమారు 430 కాపురాలు ఉంటాయి. 2023లో అమెరికాలో సగటు కాపురం ఇంట్లో వండుకునే తిండి సరుకుల మీద పెట్టిన ఖర్చు 6,000 డాలర్ల చిల్లర. అంటే ఊరంతా కలిపి ఏడాదికి కొనే తిండి సరుకు సుమారు 26 లక్షల డాలర్లే. అందులో 14 లక్షల 30 వేలు ఈ ఒక్క కొట్లోనే ఖర్చుపెట్టాలి. ప్రతి ఇల్లూ తన తిండి ఖర్చులో సగానికి మించి ఇక్కడే పెట్టాలన్నమాట. కారున్న ఏ ఊళ్లోనూ అది జరగదు.

ఇప్పుడు అదే కట్టడం ట్రస్టు చేతిలో, అప్పు లేకుండా ఉందనుకోండి. కొట్టు నడిపేవాళ్లు నెలకు 1,000 డాలర్ల అద్దె ఇస్తారు. ఏడాదికి 12,000. అదే వందకు 3 చొప్పున 4 లక్షల డాలర్ల అమ్మకంతో ఆ అద్దె వచ్చేస్తుంది. ఊరి తిండి ఖర్చులో ఆరో వంతు. పైగా వేసవిలో సరస్సుకు వచ్చే బయటివాళ్లు తాగే కాఫీ, తినే శాండ్‌విచ్ ఈ లెక్కలో లేనే లేవు. సగానికి పైగా కొనమంటే ఊరు కొనలేదు, ఆరో వంతు కొనమంటే కొనగలదు. వెర్మాంట్ ఊళ్లు చందాలు వేసుకుని కొనుక్కున్నది ఈ తేడానే.

కట్టడం ధర అంత ఎందుకు పలుకుతుందన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇళ్లలో వేసవి విడిదుల శాతం అమెరికా మొత్తం మీద మెయిన్ రాష్ట్రం తర్వాత వెర్మాంట్‌లోనే ఎక్కువ. న్యూయార్క్, బోస్టన్ డబ్బు ఇక్కడి కొండల మీదికి చాలాకాలంగా వస్తోంది. నోబెల్ పొందిన తొలి అమెరికన్ రచయిత సింక్లెయిర్ లూయిస్, ఆయన భార్య అయిన పేరున్న పాత్రికేయురాలు డొరతీ థామ్సన్ 1928లో బార్నార్డ్‌లోనే పొలం కొనుక్కున్నారు. సరస్సు పక్కన, పై అంతస్తులో కాపురానికి చోటున్న పాత కట్టడానికి విడిది ఇల్లుగా పలికే ధర వేరు, కొట్టుగా గిట్టుబాటయ్యే ధర వేరు. ముసలైపోయిన కొట్టు యజమాని మొదటి ధర అడగడంలో తప్పేమీ లేదు. ఆయన జీవితకాలపు పొదుపంతా ఆ గోడల్లోనే ఉంది. కొత్తగా వ్యాపారం పెట్టాలని వచ్చే యువ దంపతులు రెండో ధరే ఇవ్వగలరు. ఆ మధ్య ఖాళీని పూడ్చేవాళ్లు లేనిచోట కొట్టు మూతపడుతుంది. ఒక్కోసారి పూడ్చే డబ్బు కూడా ఆ విడిది ఇళ్లవాళ్ల చెక్కుల రూపంలోనే వస్తుంది. అలాంటి చెక్కులు రాని పేద ఊళ్లకు ఇదే దారి ఎక్కువ కష్టమని దాచకుండా ఒప్పుకోవాలి.

ధర ఒక్కటే కాదు, ఇంకా దెబ్బలున్నాయి. పాత కొట్ల ముందు పెట్రోలు పంపు ఉండేది. పెట్రోలుకు ఆగినవాడు లోపలికి వచ్చి ఇంకేదో కొనేవాడు. భూమిలో పాతిన పెట్రోలు ట్యాంకులు కారకుండా మార్చుకోవాలని అమెరికా కేంద్ర ప్రభుత్వం 1998 డిసెంబరు 22 గడువు పెట్టింది. భూగర్భ జలాల కోసం ఆ నిబంధన అవసరమైనదే. కానీ ఆ ఖర్చు భరించలేని చిన్న కొట్లు దేశమంతటా పంపులు పీకేశాయి. దాంతో పంపు దగ్గర ఆగే కార్లూ పోయాయి. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫాను వెర్మాంట్‌ను ముంచింది. 500 మైళ్లకు పైగా రాష్ట్ర రహదారులు దెబ్బతిన్నాయి. కొన్ని ఊళ్లకు రోజుల తరబడి దారే లేదు. ఆ వెనుక వచ్చిన చలికాలంలో మంచు సరిగా పడక, మంచు మీద ఆటలకు వచ్చే జనమూ తగ్గారు. బార్నార్డ్ కొట్టు తలుపులు మూసింది ఆ చలికాలం వెళ్లగానే. 180 ఏళ్ల వ్యాపారానికి రెండు చెడ్డ రుతువులు చాలాయి. దాని వెనకాల నిల్వ డబ్బు ఎంత పల్చగా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ట్రస్టు కట్టడాన్ని కొన్నా కొట్టును తాను నడపకపోవడానికి ఒక చట్టపరమైన కారణం ఉంది. అమెరికా పన్ను చట్టంలో 501(సి)(3) కింద నమోదైన సేవాసంస్థలకు ఇచ్చే విరాళాల మీద దాతకు పన్ను రాయితీ వస్తుంది. చారిత్రక కట్టడాన్ని కాపాడడం, ఊరికి ఒక కూడలిని నిలపడం సేవ కిందికి వస్తాయి. లాభానికి బీరు అమ్మడం రాదు. అందుకే పనిని రెండుగా విడదీశారు. గోడలు, పైకప్పు, మురుగు తొట్టి ట్రస్టువి. సరుకు, పొయ్యి, లాభనష్టాలు అద్దెకు తీసుకుని నడిపేవాళ్లవి. మంచి వ్యాపారి దొరికితే ఆయన కష్టం ఫలితం ఆయనకే. ఆయన అలిసిపోయి వెళ్లిపోతే కట్టడం ఊరి చేతిలోనే ఉంటుంది, ఇంకొకరు వస్తారు. పొద్దున కాఫీ నుంచి రాత్రి బీరు దాకా వారమంతా నిలబడే పని కాబట్టి, వెళ్లిపోవడం తరచూ జరిగేదే. దాన్ని వైఫల్యంగా లెక్కించకూడదని నా అభిప్రాయం. పాత పద్ధతిలో నడిపేవాళ్లు మారాలంటే ప్రతిసారీ కట్టడం అమ్ముడుపోవాలి, ప్రతిసారీ కొట్టు ప్రాణం మీదికి వస్తుంది. ఈ పద్ధతిలో మారేది అద్దె పత్రమే.

ఈ ఏర్పాటు ఒక్క ఊళ్లో పుట్టిన ఉపాయం కాదు. 1980లో మొదలైన ప్రిజర్వేషన్ ట్రస్ట్ ఆఫ్ వెర్మాంట్ అనే సంస్థ ఊరూరా దీన్ని నేర్పింది. దాన్ని మొదటి నుంచి 2019లో చనిపోయే దాకా నడిపినవాడు పాల్ బ్రూన్. అంతకు ముందు ఆయన సెనేటర్ ప్యాట్రిక్ లేహీ దగ్గర పనిచేశాడు. కట్టడాన్ని కాపాడడమంటే దాన్ని మ్యూజియం చేయడం కాదని, అందులో జనం మెసిలే పని ఏదో ఒకటి సాగాలని ఆయన పట్టు. పల్లెల్లోని పాత కట్టడాల పునరుద్ధరణకు అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఇవాళ ఆయన పేరే ఉంది.

వెర్మాంట్‌లోనే ష్రూస్‌బరీ అనే ఊళ్లో పియర్స్ స్టోర్ కథ ఇంకోలా నడిచింది. 1918 నుంచి 1993 దాకా ఒకే కుటుంబం నడిపిన కొట్టు అది. ఆ ఇంటి ఆఖరి వారసురాలు 2001లో కట్టడాన్ని ఈ సంస్థకు వదిలి వెళ్లింది. అంటే కొనే ఖర్చు లేదు. అయినా తలుపులు తెరుచుకోవడానికి 2009 దాకా పట్టింది. నడిపే మనుషులు కుదరాలి కదా. చివరికి ఊరివాళ్లే సహకార సంఘంగా ఏర్పడి, వంతులవారీగా కొట్లో నిలబడి అమ్ముతూ నడిపించారు. కట్టడం ఉచితంగా వచ్చినా ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చిందంటే, డబ్బు కంటే మనుషులు అరుదని తెలుస్తోంది.

అదే రాష్ట్రంలోని పట్నీ ఊరిది మరీ కఠినమైన పరీక్ష. ఆ చోట రెండు శతాబ్దాలుగా కొట్టు ఉంది. 2008 మేలో నిప్పంటుకుంది. అక్కడి చరిత్ర సంఘం ఆ కట్టడాన్ని కొని, బాగుచేయిస్తుండగా 2009 నవంబరులో ఎవరో నిప్పుపెట్టారు. ఈసారి పూర్తిగా బూడిదైంది. కాపాడవలసిన పాత కట్టడమే లేకుండా పోయింది. పురాతన కట్టడం మీది ప్రేమే కారణమైతే కథ అక్కడితో ఆగాలి. ఆగలేదు. అదే చోట, అదే ఆకారంలో కొత్తగా కట్టి 2011 చివర మళ్లీ తెరిచారు. ఊరికి కావలసింది ఆ దూలాలు కాదని, వాటి కింద దొరికే పాలు, పలకరింపు అని ఈ ఒక్క ఉదాహరణ రుజువు చేస్తుంది.

అట్లాంటిక్ అవతల ఇంగ్లండులో ఇదే పని వేరే దారిలో, చాలా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ పల్లె కొట్టు, పోస్టాఫీసు ఒకే గదిలో ఉండేవి. పోస్టాఫీసు ఇచ్చే చెల్లింపే చాలా కొట్లకు నెలవారీ ఆధారం. 1960లలో బ్రిటన్‌లో దాదాపు 25,000 పోస్టాఫీసులు ఉండేవి, ఇప్పుడు సుమారు 11,500. ఒకటి పోయిన చోట రెండోదీ పోయింది. అలా ఖాళీ అయిన ఊళ్లు వాటాలు వేసుకుని సొంత కొట్లు తెరుచుకున్నాయి. ఇప్పుడు బ్రిటన్‌లో అలాంటివి దాదాపు 400. వాటికి సాయపడే ప్లంకెట్ సంస్థను 1919లో స్థాపించింది ఐర్లండ్‌లో పాల సహకార సంఘాలకు పునాది వేసిన సర్ హొరేస్ ప్లంకెట్. ఆ సంస్థ లెక్కల ప్రకారం ఊరుమ్మడి కొట్లలో దీర్ఘకాలం నిలిచినవి నూటికి 90కి పైనే. మామూలు చిన్న వ్యాపారాలు ఐదేళ్లు దాటి నిలిచేది బ్రిటన్‌లో నూటికి 40 చొప్పున.

ఇంత తేడా ఎలా వచ్చింది? సగం జవాబు వాటాల పద్ధతిలో ఉంది. పది పౌండ్లు పెట్టినా పది వేల పౌండ్లు పెట్టినా సభ్యుడికి ఒకే ఓటు. వాటా ధర పెరగదు, బయట అమ్ముకోవడానికి వీల్లేదు. కావాలంటే సంఘం నుంచి వెనక్కి తీసుకోవచ్చు, అదీ సంఘం చేతిలో డబ్బున్నప్పుడు. కాబట్టి లాభం కోసం ఎవరూ చేరరు, తన కొట్టని చేరతారు. వాటాదారే కొనుగోలుదారు కావడంతో, పక్క పట్నంలో రెండు పెన్నీలు తక్కువకు దొరికినా ఇక్కడే కొనే మనిషి తయారవుతాడు. రెండో సగం జీతం లేని శ్రమ. సగటున ఒక్కో కొట్టుకు ముప్పై మంది దాకా స్వచ్ఛందంగా పనిచేస్తారు. ఒకరిద్దరు జీతగాళ్లు, మిగతావాళ్లు వారానికి రెండు మూడు గంటల చొప్పున. ఆ ముప్పై మందికీ జీతాలివ్వాల్సి వస్తే నూటికి 90 నిలిచేవి కావు.

ప్రభుత్వం కూడా కొంత భారం దించింది. ఇంగ్లండులో 3,000 లోపు జనాభా ఉన్న పల్లెలో ఏకైక కొట్టయితే, ఆస్తి విలువ పరిమితికి లోబడి, 2017 నుంచి వ్యాపార పన్ను పూర్తిగా మాఫీ. 2011 స్థానిక పాలన చట్టం ప్రకారం ఊరివాళ్లు ఒక కొట్టును ‘ఊరికి విలువైన ఆస్తి’గా నమోదు చేయించుకోవచ్చు. యజమాని దాన్ని అమ్మదలిస్తే, కొంటామని ఊరు ముందుకొచ్చిన పక్షంలో, డబ్బు కూడబెట్టుకోవడానికి ఆరు నెలల గడువు దొరుకుతుంది. బేరం ఊరికే ఇవ్వాలని లేదు, గడువు మాత్రం ఇవ్వాలి. చందాలు పోగుచేసిన అనుభవం ఉన్న ఎవరికైనా ఆ ఆరు నెలల విలువ తెలుస్తుంది.

మన పల్లెల్లో కిరాణా కొట్టు లెక్క వేరు. కొట్టు సాధారణంగా ఇంటి అరుగు మీదే ఉంటుంది. కట్టడం అప్పు దాన్ని ముంచదు. ముంచేది అరువు ఖాతా, మండల కేంద్రంలో వెలిసిన సూపర్ మార్కెట్, ఇంటి ముందుకే వచ్చే ఆన్‌లైన్ సరుకు. అంటే వెర్మాంట్ మందు ఇక్కడి జబ్బుకు నేరుగా పనికిరాదు. ఏజెన్సీ గ్రామాల్లో మాత్రం, లాభానికి కొట్టు పెట్టేవాడే రాని చోట, ఉమ్మడి ఏర్పాటు మనకు ఎప్పటి నుంచో ఉంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఒక చేత్తో చింతపండు, తేనె, అడ్డాకులు కొంటూ, ఇంకో చేత్తో డీఆర్ డిపోలనే తన దుకాణాల ద్వారా ఉప్పు, పప్పు, నూనె అమ్ముతూ వచ్చింది. అది పైనుంచి ప్రభుత్వం నడిపేది. ఇంగ్లండు కొట్టులా ఊరి మనిషి చేతిలో ఓటు ఉన్నది కాదు. ఊరే యజమాని అయిన నమూనా కావాలంటే తెలంగాణలోని ములుకనూరు వైపు చూడాలి. అదే 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి పూనికతో మొదలైన ఆ గ్రామీణ సహకార సంఘం అప్పులిచ్చి, ధాన్యం కొని, అమ్మి, ఇవాళ్టికీ సభ్యుల చేతిలోనే ఉంది.

చట్టం విషయంలో మనం ఎవరికీ వెనకబడి లేము. సర్కారు వాటా ధనం, సర్కారు అజమాయిషీ లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లోనే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. దేశంలో అలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. పొదుపు సంఘాలు, పాల సంఘాలు దాని కింద చాలానే నమోదయ్యాయి. ఊరి కొట్టును కూడా దాని కింద పెట్టుకోవచ్చు. నమోదుకు కావలసింది వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమంది.